ఆఫీసు బిల్డింగ్ ఇల్లు అవుతుందా? డల్లాస్ టవర్ నుంచి మా ధర్మసాగర్ దాకా

ఈ ఎపిసోడ్ మా ధర్మసాగర్‌లోనే, మా పెద్దబాపు వాళ్ల బిల్డింగ్ మొదటి అంతస్తులో కూర్చుని రికార్డ్ చేస్తున్నా. గొంతు కొంచెం మారుమోగుతుంటే ఏమనుకోకండి, హాలు మొత్తం ఖాళీ. రెండేళ్ల నుంచి ఇట్లనే ఉంది. నా వెనక గోడ మీద తెల్లగా చతురస్రాలు కనిపిస్తున్నాయి కదా, అవి నోటీసు బోర్డు, క్యాలెండర్లు ఉన్న జాగలు. ఇక్కడ పద్దెనిమిదేళ్లు ఒక ఆఫీసు కిరాయికి ఉండేది. వాళ్లు సొంత బిల్డింగ్ కట్టుకుని వెళ్లిపోయారు.

ఇప్పుడు ఇంట్లో పంచాయితీ ఏంటంటే, దీన్ని ఏం చేయాలి? మా అన్నలిద్దరూ కూలగొట్టి, లోన్ తీసుకుని కొత్తగా ఐదంతస్తులు లేపుదాం అంటున్నారు. పెద్దబాపుకు మనసు ఒప్పట్లేదు. ఆయన రెండెకరాల పత్తి చేను అమ్మి కట్టిన బిల్డింగ్ ఇది. ఒకరోజు నన్ను పిలిచి, "నువ్వు ఇంజనీరువు గదరా, ఇండ్ల లెక్క మార్చొచ్చా చెప్పు" అన్నాడు. నేను చదివింది కంప్యూటర్ సైన్స్. కానీ మా ఊర్లో బీటెక్ అంటే బీటెక్కే. ట్రాన్స్‌ఫార్మర్ కాలినా నన్నే అడుగుతారు.

నేను కూడా తగ్గలేదు. అరగంటలో ల్యాప్‌టాప్‌లో ప్లాన్ గీసేశా. హాలు వెడల్పు 30 అడుగులు, లోతు 70 అడుగులు, మొత్తం 2,100 చదరపు అడుగులు. నాలుగు భాగాలు చేస్తే నాలుగు పోర్షన్లు, నాలుగు కిరాయిలు. చాలా సింపుల్ అనిపించింది. పెద్దమ్మ టీ తెచ్చి, స్క్రీన్ వైపు ఒకసారి చూసి ఒక్కటే మాట అడిగింది: "పండుకునే అర్రకు కిటికీ ఏదిరా?"

లేదు. నిజంగా లేదు. ఈ బిల్డింగ్‌కు కుడి పక్క, ఎడమ పక్క వేరే వాళ్ల గోడలు ఆనుకుని ఉన్నాయి. కిటికీలు ముందూ వెనకా మాత్రమే. నేను గీసిన నాలుగు పోర్షన్లలో మధ్యలో ఉన్న రెండింటికి పొద్దు అనేదే కనిపించదు.

ఆ ఒక్క ప్రశ్న చుట్టే ఈరోజు ఎపిసోడ్. ఎందుకంటే ప్రపంచంలో పెద్ద పెద్ద ఆఫీసు టవర్లను అపార్ట్‌మెంట్లుగా మార్చేవాళ్లు కోట్ల డాలర్లు పెట్టి జవాబు వెతికేది కూడా ఇదే ప్రశ్నకు.

నేను 2022లో ఉద్యోగం పని మీద నాలుగు నెలలు డల్లాస్ వెళ్లా. మన తెలుగువాళ్లకు డల్లాస్ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. ఇర్వింగ్, ప్లేనో, ఫ్రిస్కో వైపు వెళ్తే దోశ పిండి దగ్గర్నుంచి బతుకమ్మ ఆటదాకా అన్నీ దొరుకుతాయి. నేను కూడా ఇర్వింగ్‌లోనే ముగ్గురు ఫ్రెండ్స్‌తో రూమ్ షేర్ చేసుకున్నా. ఒక ఆదివారం ఏం తోచక ట్రైన్ ఎక్కి డౌన్‌టౌన్ వెళ్లా. ఎల్మ్ స్ట్రీట్ మీద ఒక టవర్ చూసి ఆగిపోయా. 52 అంతస్తులు. తెల్లటి పాలరాయి పట్టీలు కింద నుంచి పైదాకా నిలువుగా, మధ్యలో నల్లటి అద్దం. అద్దాల వెనక ఎవరిదో ఇంటి కర్టెన్ కనిపించింది. ఆఫీసులా ఉన్న బిల్డింగ్‌లో కర్టెన్లేంటి అని ఫోన్ తీసి చదవడం మొదలుపెట్టా.

దాని అసలు పేరు ఫస్ట్ నేషనల్ బ్యాంక్ టవర్. జార్జ్ డాల్, థామస్ స్టాన్లీ అనే ఆర్కిటెక్టులు డిజైన్ చేశారు. 1965లో పూర్తయింది, ఎత్తు 628 అడుగులు. అప్పట్లో మిసిసిపీ నదికి పడమర వైపు ఇంత ఎత్తైన బిల్డింగ్ ఇంకోటి లేదని చెప్పుకునేవాళ్లు. ఆ పాలరాయి గ్రీస్ దేశం పెంటెలికాన్ కొండది. ఏథెన్స్‌లో పార్థెనాన్ గుడి కట్టింది కూడా ఆ కొండ రాయితోనే. బ్యాంకు తన డబ్బు హోదా చూపించుకోవడానికి అంత దూరం నుంచి తెప్పించింది. అక్కడే దగ్గర్లో రిపబ్లిక్ నేషనల్ బ్యాంక్ 1950ల మధ్యలో అల్యూమినియం పలకలతో 36 అంతస్తుల టవర్ కట్టుకుంది. మాది పొడుగంటే మాది పొడుగు అని రెండు బ్యాంకుల మధ్య పోటీ ఉండేది.

ఇక్కడ చిన్న నేపథ్యం చెప్పాలి. ఇట్లాంటి బిల్డింగ్‌లను మోడర్నిస్ట్ బిల్డింగ్‌లు అంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఈ పద్ధతి బాగా పాకింది. గోపురాలు, కమాన్లు, నగిషీలు ఏమీ ఉండవు. బరువంతా లోపలి ఉక్కు చట్రమో కాంక్రీటు చట్రమో మోస్తుంది, బయట అద్దం ఒక తెరలాగా వేలాడుతుంది. న్యూయార్క్‌లో 1952 నాటి లీవర్ హౌస్, 1958 నాటి సీగ్రమ్ బిల్డింగ్ దీనికి పెద్ద పేర్లు.

మనకు కావాల్సిన పాయింట్ మాత్రం అందం గురించి కాదు, వెలుతురు గురించి. అంతకుముందు ఆఫీసులో పని చేయాలంటే కిటికీ దగ్గర కూర్చోవాల్సిందే. గాలి అక్కడి నుంచే, వెలుగు అక్కడి నుంచే. అందుకే పాత ఆఫీసు బిల్డింగ్‌లు లోతు తక్కువగా ఉండేవి. తర్వాత ట్యూబ్‌లైటు వచ్చింది, ఏసీ వచ్చింది. ఇక కిటికీకి ఎంత దూరంలోనైనా టేబుల్ వేయొచ్చు. అంతస్తులు లావెక్కుతూ పోయాయి. 1950లు, 60ల బిల్డింగ్‌లు ఈ మార్పు మధ్యలో పుట్టినవి. కొన్ని ఇంకా సన్నగానే ఉన్నాయి, కొన్ని అప్పటికే బాగా లావెక్కాయి. సన్నగా ఉన్నవి సులువుగా ఇళ్లుగా మారతాయి, లావువి మొండికేస్తాయి.

డల్లాస్ టవర్ కథకు వద్దాం. బ్యాంకులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయాయి, ఆఫీసులు వేరే చోట్లకు వెళ్లిపోయాయి, 2010లో టవర్ మూతపడింది. దాదాపు పదేళ్లు నగరం నడిబొడ్డున 52 అంతస్తులు ఖాళీ! మధ్యలో మారుద్దామని మొదలుపెట్టి ఆగిపోయిన ప్రయత్నాలు కూడా ఉన్నాయి. చివరికి టాడ్ ఇంటరెస్ట్స్ అనే సంస్థ పూర్తి చేసి, 2020 చివర్లో 'ది నేషనల్' అనే పేరుతో తెరిచింది. ఇప్పుడు అందులో 324 అపార్ట్‌మెంట్లు, 219 గదుల హోటల్, కొంత ఆఫీసు జాగ ఉన్నాయి. ఖర్చు సుమారు 46 కోట్ల డాలర్లు.

అంత డబ్బు పెడితే కొత్తదే కట్టొచ్చు కదా అని మా అన్నలాగే నేనూ అనుకున్నా. దీని వెనక లెక్క వేరే ఉంది. అమెరికాలో చారిత్రక భవనంగా నమోదైన దాన్ని పద్ధతి ప్రకారం బాగుచేసి వాడుకలోకి తెస్తే, అయిన ఖర్చులో 20 శాతం వరకు ఫెడరల్ పన్నులో తగ్గిస్తారు. టెక్సాస్ రాష్ట్రం 2015 నుంచి దాని మీద ఇంకో 25 శాతం ఇస్తోంది. ఈ టవర్‌కు రెండూ కలిపి సుమారు 10 కోట్ల డాలర్లు వచ్చాయి. దానికి తోడు నగరపాలక సంస్థ సుమారు 5 కోట్ల డాలర్లు ఇచ్చింది. బదులుగా షరతు ఏంటంటే, బయటి రూపం చెడగొట్టొద్దు. అంటే ఆ పాలరాయి, ఆ నిలువు పట్టీలు అట్లనే ఉండాలి. ప్రభుత్వం 'ఉంచండి' అని ఊరికే చెప్పలేదు, ఉంచితే లాభం వచ్చేలా చేసింది.

నాణేనికి రెండో వైపు కూడా చెప్పాలి. ఆ అపార్ట్‌మెంట్లు సామాన్యుడి ఇళ్లు కాదు, కిరాయిలు బాగా ఎక్కువ. ఇర్వింగ్‌లో నలుగురం ఒక ఫ్లాట్‌లో సర్దుకున్న మాలాంటి వాళ్ల కోసం కట్టినవి కావు. టవర్ నిలబడింది, డౌన్‌టౌన్‌కు ప్రాణం వచ్చింది, అంతవరకు నిజం. ఇళ్ల కొరత తీరింది అంటే మాత్రం ఒప్పుకోను.

ఇప్పుడు అసలు ఇంజనీరింగ్. ఆఫీసును ఇల్లు చేయాలంటే నాలుగు పరీక్షలు పాసవ్వాలి.

మొదటిది వెలుతురు, అదే పెద్దమ్మ ప్రశ్న. మన నేషనల్ బిల్డింగ్ కోడ్‌లోనే ఒక లెక్క ఉంది: కిటికీ నుంచి ఏడున్నర మీటర్లు, అంటే దాదాపు 25 అడుగులు దాటిన భాగానికి వెలుతురు అందినట్టు లెక్కలోకి తీసుకోరు. మా హాలుకు వేసి చూద్దాం. ముందు నుంచి 25, వెనక నుంచి 25, కలిపి 50. లోతు 70. అంటే నడుమ 20 అడుగులు చీకటి. అది కూడా అడ్డుగోడలు లేకపోతేనే. గోడ కట్టిన మరుక్షణం దాని వెనక భాగానికి వెలుతురు సున్నా.

రెండోది పైపులు. ఆఫీసుకు అంతస్తుకు ఒక చోట బాత్రూమ్‌లు ఉంటే సరిపోతుంది. ఇల్లు అంటే ప్రతి పోర్షన్‌కూ వంటగది, బాత్రూమ్ కావాలి. నీళ్లు ఎక్కించడం ఈజీ, మోటార్ ఉంది. వాడిన నీళ్లు దింపడమే కష్టం, వాలు లేకపోతే అవి కదలవు. అందుకని స్లాబ్‌కు రంధ్రాలు చేయాలి. పాత బిల్డింగ్‌లలో జాగ్రత్తగా చేయొచ్చు. కానీ ఇప్పుడు హైదరాబాద్‌లో కట్టే చాలా ఐటీ టవర్లలో పోస్ట్ టెన్షన్ స్లాబ్ వాడుతున్నారు. అంటే కాంక్రీటు లోపల ఉక్కు తీగల్ని గట్టిగా లాగి బిగిస్తారు. ఎక్కడపడితే అక్కడ డ్రిల్ పెట్టి ఆ తీగ తెంపితే స్లాబ్ బలమే పోతుంది. నేను గచ్చిబౌలిలో పని చేసిన ఆఫీసులో నా సీటు నుంచి కిటికీ కనిపించేది కూడా కాదు. రేపెప్పుడో ఆ టవర్లు ఖాళీ అయితే ఇళ్లు చేద్దామనుకుంటే ఈ రెండు పరీక్షల్లోనే చాలావరకు ఫెయిల్.

మూడోది బలం. ఇక్కడ గుడ్ న్యూస్. ఆఫీసులో ఫైళ్లు, బీరువాలు, జనం ఎక్కువ కాబట్టి వాటిని ఇళ్లకన్నా ఎక్కువ బరువుకు డిజైన్ చేస్తారు. మన కోడ్‌లో ఇంటి గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల లెక్క, ఆఫీసులకు అంతకంటే ఎక్కువ. కాబట్టి ఆఫీసు ఇల్లయితే స్లాబ్ మీద భారం పెద్దగా పెరగదు. కాకపోతే లోపల ఇటుక గోడలు ఇష్టమొచ్చినట్టు కడితే ఆ లాభం అంతా పోతుంది. తేలిక గోడలే పెట్టాలి.

నాలుగోది భద్రత. ఆఫీసులో రాత్రి ఎవరూ పడుకోరు, ఇంట్లో పడుకుంటారు. మంటలొస్తే నిద్రలో ఉన్నవాళ్లు దిగడానికి మెట్లు, పొగ బయటకు పోవడానికి దారి ఉండాలి. అమెరికాలో ఆ కాలం బిల్డింగ్‌లలో ఆస్బెస్టాస్ ఇంకో పెద్ద తలనొప్పి, దాన్ని తీసేయడానికే బోలెడంత ఖర్చు.

ఇప్పుడు ఇంకో ఉదాహరణ, నాకు బాగా నచ్చింది. న్యూయార్క్‌లో 25 వాటర్ స్ట్రీట్ అని ఒక ఆఫీసు బిల్డింగ్, 1960ల చివర్లో కట్టింది. 22 అంతస్తులు, బాగా లావు, కిటికీలు సన్నటి చీలికలు. డల్లాస్ టవర్‌లా బయటి రూపం కాపాడాలనే పట్టింపు ఇక్కడ లేదు, కిటికీలన్నీ మార్చేశారు. కానీ నడుమ చీకటి మాత్రం కిటికీలు మారిస్తే పోదు కదా! ఏం చేశారంటే, బిల్డింగ్ మధ్యలో పైనుంచి కిందిదాకా రెండు పెద్ద బావుల్లాగా కోసేశారు. ఆ బావుల్లోంచి వెలుతురు దిగుతుంది, లోపలి గదులకు కిటికీలు అటు పెట్టుకోవచ్చు. కోసేసిన జాగ పోయింది కదా, దాన్ని పైన పది అంతస్తులు వేసి రాబట్టుకున్నారు. ఇప్పుడు అందులో 1,300కు పైగా అపార్ట్‌మెంట్లు ఉన్నాయి.

ఇది చదివినప్పుడు నాకు నవ్వొచ్చింది. ఎందుకో చెప్పనా? మా అమ్మమ్మ వాళ్ల భవంతి ఇల్లు గుర్తొచ్చింది. చుట్టూ అర్రలు, నడుమ ఆకాశం. వాన పడితే నడిమిట్ల పడి మోరీలోంచి బయటకు పోయేది. ఎండాకాలం మధ్యాహ్నం కూడా ప్రతి అర్రలో అక్షరం చదివేంత వెలుగు ఉండేది. కోస్తాలో దాన్నే మండువా ఇల్లు అంటారు. ట్యూబ్‌లైటు, ఏసీ వచ్చాక మనం స్లాబ్ వేసి మూసేసుకున్న ఆకాశాన్నే న్యూయార్క్ వాళ్లు రంపం పెట్టి కోసి మళ్లీ తెచ్చుకుంటున్నారు.

ఆ రోజు రాత్రే నా ప్లాన్ డిలీట్ చేసి కొత్తది గీశా. కింది అంతస్తు ముచ్చట వదిలేద్దాం, అది రోడ్డు మీద షాపులకు పనికొస్తుంది, షాపుకు వెనక చీకటి ఉన్నా స్టాక్ పెట్టుకుంటారు. మొదటి అంతస్తులో నాలుగు పోర్షన్లు కాదు, రెండే. ఒకటి ముందు వైపు, ఒకటి వెనక వైపు. నడుమ పైకప్పులో రెండు దూలాల మధ్య ఉన్న ఒక పలక, సుమారు పది అడుగులకు పన్నెండు, తీసేసి ఆకాశానికి వదలాలి. రెండు ఇళ్ల లోపలి అర్రలకు కిటికీలు అటు వస్తాయి. వంటగది, బాత్రూమ్ పైపులు కూడా ఆ నడిమి జాగలోంచే కిందికి దిగుతాయి. వాన నీళ్లకు మోరీ కావాలి, చుట్టూ వాటర్‌ప్రూఫింగ్ కావాలి, పిల్లలు, కోతులు రాకుండా పైన జాలీ కావాలి. మా ఊర్లో కోతుల సంగతి తెలిసినవాళ్లకు తెలుసు.

ఇది చూపిస్తే పెద్దన్న ఒక్కటే అడిగాడు: "నాలుగు కిరాయిలు రెండయినయ్. లాభమేంది?" అతని ప్రశ్న తప్పు కాదు. ఐదంతస్తులైతే పది పోర్షన్లు వస్తాయి. కానీ అప్పు ఎంత, వడ్డీ ఎంత, కట్టేదాకా కింది షాపుల కిరాయి కూడా ఆగిపోతుంది, ధర్మసాగర్‌లో పది పోర్షన్లకు కిరాయిదారులు దొరుకుతారా, ఇవన్నీ ఒక కాగితం మీద రాశాం. వచ్చే కిరాయి మాత్రమే రాసి, ఆగిపోయే కిరాయి రాయకపోతే అది లెక్క కాదు. కూలగొట్టడం అంటే ఒకసారి డబ్బు పెట్టి కొన్న సిమెంటు, ఇనుము చెత్తలో పోసి, అదే మళ్లీ కొత్త రేటుకు కొనడం.

అట్లని ప్రతి పాతదాన్నీ ఉంచాలని నేను చెప్పను. ఇక్కడే ఎంతోమంది పొరపాటు చేస్తారు. మా వరంగల్‌లో అజంజాహి మిల్లు చూడండి. 1934లో మొదలైంది, వేల కుటుంబాలు బతికాయి, 2002లో మూతపడింది, తర్వాత ఆ జాగ ప్లాట్లయింది. హైదరాబాద్‌లో పాత సెక్రటేరియట్ బ్లాకుల్ని 2020 జూలైలో కూలగొట్టడం మొదలుపెట్టారు. అదే సంవత్సరం చివర్లో డల్లాస్ టవర్ తెరుచుకుంది. సెక్రటేరియట్ విషయంలో కోర్టుల్లో వాదనలు జరిగాయి, రెండు వైపులా కారణాలు చెప్పారు. ఎవరు కరెక్ట్ అని నేను తీర్పు చెప్పట్లేదు. నా బాధ ఒకటే: కూలగొట్టాలా వద్దా అనే ప్రశ్న దగ్గరే మనం కొట్టుకుంటాం. 'దీన్ని వేరే పనికి మారిస్తే ఎంతవుతుంది, వెలుతురు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరుంటారు' అనే లెక్క చాలాసార్లు టేబుల్ మీదకే రాదు. లెక్క వేశాక కూలగొట్టడమే మంచిదని తేలితే కూలగొట్టండి. వేయకుండా మాత్రం వద్దు.

మా లెక్క కూడా ఇంకా పూర్తవ్వలేదు. స్లాబ్ కోయొచ్చా లేదా అనేది చెప్పాల్సింది నేను కాదు, స్ట్రక్చరల్ ఇంజనీర్. ఇదిగో, కెమెరా పైకి తిప్పుతున్నా, ఆ మూల చూడండి. పెచ్చు ఊడి ఇనుప రాడ్ కనిపిస్తోంది, తుప్పు పట్టింది. అది ఆ ఒక్క మూలకేనా, స్లాబ్ అంతటా ఉందా అన్నది ముందు తేలాలి. కాంక్రీటు గట్టిదనం చూసే హ్యామర్ టెస్ట్, అవసరమైతే చిన్న ముక్క తీసి ల్యాబ్‌లో నలగ్గొట్టి చూసే టెస్ట్ ఉంటాయి. ఆఫీసుగా ఉన్నదాన్ని ఇల్లుగా మార్చడానికి అనుమతి కూడా మళ్లీ తీసుకోవాలి. మీ ఇంట్లో ఇట్లాంటి ఆలోచన ఉంటే వరస ఇదే: ముందు ఇంజనీర్, తర్వాత అనుమతి, ఆ తర్వాతే మేస్త్రీ. చాలామంది మేస్త్రీతో మొదలుపెడతారు.

ఇంట్లో ఒప్పందం ఏమైందంటే, వచ్చే ఆదివారం ఇంజనీర్ వస్తున్నాడు. స్లాబ్ బాగుందంటే రెండు పోర్షన్లు, నడుమ ఆకాశం. బాగలేదంటే పెద్దబాపు కూలగొట్టడానికి ఒప్పుకుంటానన్నాడు. అన్నల దగ్గర కూడా ఒక మాట తీసుకున్నాడు: కొత్తది కట్టినా సరే, కిటికీ లేని అర్ర ఒక్కటి కూడా ఉండొద్దు. అది ఎవరి డిమాండో మీకు అర్థమైందనుకుంటా. పెద్దమ్మ పక్కనే నిలబడి ఉంది.

నేను డల్లాస్‌లో చూసినదానికన్నా, రాత్రంతా చదివినదానికన్నా ఆమె అడిగిన ప్రశ్నే ముందుంది. ఏ బిల్డింగ్‌లోకి వెళ్లినా ఇప్పుడు నేను మొదట చేసే పని లైట్లు ఆర్పి మధ్యలో నిలబడటం. మీరూ ఒకసారి చేసి చూడండి. మీ ఊర్లో ఇట్లా ఖాళీగా పడి ఉన్న ఆఫీసు, గోదాం, సినిమా హాలు ఏదైనా ఉంటే కామెంట్‌లో లోతు, వెడల్పు, కిటికీలు ఎటు ఉన్నాయో రాయండి, లెక్క కలిసి వేద్దాం. ఇంజనీర్ ఏం చెప్పాడో తర్వాతి ఎపిసోడ్‌లో చెప్తా. అప్పటిదాకా ఉంటా మరి, నమస్తే.